సంఘ పుస్తకములోని తారీఖు

ధ్యానమునకు: మత్తయి 5:37, లూకా 16:10, యాకోబు 3:1



బి.ఎడ్. ప్రవేశ పరీక్షా ఫలితములు వెలువడిన వారము మొదలుకొని మా ఇంటి అరుగు ఖాళీగా ఉండదు. ఒకరికి నడవడి పత్రము కావలెను. ఒకరికి ఆదివారపు బడిలో బోధించితిరని పత్రము కావలెను. ఇంకొకరికి బాప్తిస్మపు పత్రము కావలెను. పిల్లలు తమ మార్కుల జాబితాలను ప్లాస్టిక్ సంచులలో భద్రముగా చుట్టుకొని వచ్చెదరు. కొందరు తల్లులు పొలమునుండి తిన్నగా వచ్చి కాళ్లకు మట్టితోనే నిలువబడి యుందురు. వారిని చూచినప్పుడు మాకు సంతోషము కలుగును. పలక పట్టుకొనుటకు మీరు తగరని మన తాతలతో చెప్పిన ఊళ్లలోనుండియే ఆ తాతల మనుమరాండ్రు పంతులమ్మలగుటకు బయలుదేరుచున్నారు. ఇది చిన్న సంగతి కాదు.

అయినను ఆ అరుగుమీదనే, ఆ సంతోషములోనే, ఒక కఠినమైన ప్రశ్న మా యెదుటికి వచ్చినది. దానిని ఈ మాసము మీతో కలిసి ఆలోచింపవలెనని కోరుచున్నాము.

మేము కాపరిగానున్న సంఘములలో ఒకదానినుండి ఒక తండ్రియు కుమార్తెయు ఒక సాయంకాలము వచ్చిరి. ఆ అమ్మాయి సమ్మతించినందున ఈ మాత్రము వ్రాయుచున్నాము. పేరుగాని ఊరుగాని వ్రాయము. తండ్రి కూలి. తల్లి మిరపకోతలకు పోవును. అమ్మాయి లెక్కలు ముఖ్యాంశముగా బి.ఎస్.సి. ముగించి, ప్రవేశ పరీక్షలో అర్హత పొందినది. ర్యాంకు గొప్పది కాదు, తీసివేయదగినదియు కాదు. మొదటి విడతలో ఆమె కోరిన కళాశాలలేవియు దొరకలేదు. సమీప పట్టణమందొక క్రైస్తవ కళాశాల కలదు. అందులో క్రైస్తవ అభ్యర్థులకు ఉంచిన సీట్లలో ఒకటి దొరకవచ్చునని వారికెవరో చెప్పిరి. అందుకు బాప్తిస్మపు పత్రము కావలెను. నిన్న మొన్నటి పత్రము చెల్లదు, పాత తారీఖుండవలెనని కూడ చెప్పిరి.

ఆమెకు బాప్తిస్మము కాలేదు. శిశువుగానున్నప్పుడు ప్రతిష్ఠ జరిగినది. ఆదివారపు బడిలో పెరిగినది. నాలుగేండ్లుగా చిన్న పిల్లలకు తానే బోధించుచున్నది. ప్రతి సంవత్సరము బాప్తిస్మపు తరగతి పెట్టునప్పుడు తండ్రి “వచ్చే ఏడు చూద్దామండీ” అనెడివాడు. కారణము పాలెములో అందరికిని తెలుసు, మాకును తెలుసు. బాప్తిస్మము పొందినట్లు పుస్తకమున ఎక్కినయెడల షెడ్యూల్డు కులపు ధృవపత్రమునకు ముప్పు వచ్చునని వారి భయము. ఇట్లు ఒక కాగితము పోవునేమోయని ఇన్నాళ్లు ఆపిన బాప్తిస్మమే, ఇప్పుడు మరియొక కాగితము కొరకు కావలసి వచ్చినది.

“అయ్యగారూ, మూడేళ్ల కిందటి తారీఖు వేసి ఇవ్వండి. పిల్ల నమ్మకం మీకు తెలియంది కాదు. ఒక్క తారీఖుతో పిల్ల బతుకు నిలబడుద్ది. ఇందులో ఎవరికి నష్టమండీ?” అని ఆ తండ్రి అడిగెను. అమ్మాయి మాటలాడలేదు. సంఘ పుస్తకము మా బల్లమీదనే యున్నది. మూడేండ్ల క్రిందటి పుటను తెరచి చూచితిమి. ఆ పుట అడుగున రెండు వరుసలు ఖాళీగానే ఉన్నవి.

ఎవరికి నష్టము? ప్రశ్న యిదియే. మంచి పనికొరకు, బీదవాని మేలుకొరకు, ఎవరికిని హాని కనబడనప్పుడు, ఒక చిన్న అసత్యము వ్రాయవచ్చునా?

ఈ ప్రశ్నను తొందరపడి కొట్టివేయవద్దు. ఆ తండ్రి పక్షమున చెప్పవలసినదంతయు మొదట చెప్పుకొందము. ఆయన తన కొరకు అడుగలేదు. సారాయికి అడుగలేదు. ఇంట ఒక ఉపాధ్యాయురాలు కలిగినయెడల ఆ కుటుంబపు మూడు తరముల నడక మారును. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో డి.ఎస్.సి. ద్వారా 16,347 ఉపాధ్యాయ ఉద్యోగములకు ప్రకటన వెలువడినది. తెలంగాణలో 2024లో 11,062 ఉద్యోగములకు జరిగినది. అట్టి ప్రకటన వచ్చినప్పుడు పాలెములలో ఎన్ని దీపములు తెల్లవారువరకు వెలుగునో మాకు తెలియును. పైగా ఆయన చెప్పినది పూర్తి అబద్ధమని కూడ అనలేము. పిల్ల విశ్వాసము నిజమే. తారీఖొక్కటే అబద్ధము.

ఇప్పుడు ఆమె పోగోరిన మార్గమెట్టిదో చూడుడి. డిగ్రీలో ఏబది శాతము మార్కులు, రిజర్వేషను గలవారికి నలువది శాతము మార్కులు ఉన్నవారు ఎడ్‌సెట్ వ్రాయవచ్చును. నూటయేబది ప్రశ్నలు, రెండు గంటల కాలము. సీటు దొరికిన పిమ్మట చదువు రెండేండ్లు. 2015 వరకు ఇది ఒక సంవత్సరపు చదువే. ఆ రెండేండ్లలో ఇరువది వారములు నిజమైన బడిలో, నిజమైన పిల్లల యెదుట నిలువబడి పాఠము చెప్పవలెను. తరగతులకు నూటికి ఎనుబది వంతుల హాజరు, బడిలో చేయు అభ్యాసమునకు తొంబది వంతుల హాజరు ఉండవలెనని జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి నియమము. పట్టా చేతికి వచ్చినను ఎనిమిదవ తరగతివరకు బోధించుటకు అది చాలదు. 2010 ఆగస్టు 23 నాటి ఉత్తరువు ప్రకారము ఉపాధ్యాయ అర్హత పరీక్షయగు టెట్ కూడ ఉత్తీర్ణులు కావలెను. దానిలోను నూటయేబది ప్రశ్నలు. సాధారణ అభ్యర్థికి అరువది శాతము, వెనుకబడిన తరగతులవారికి ఏబది, షెడ్యూల్డు కులములు తెగలవారికి నలువది శాతము రావలెను. ఆ తరువాత డి.ఎస్.సి. అందులో ఎనుబది మార్కులు ఆ పరీక్షవి, ఇరువది మార్కుల విలువ టెట్‌ది. 2023 ఆగస్టు 11న సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది మొదలు బి.ఎడ్. చదివినవారు ఐదవ తరగతిలోపు పిల్లలకు బోధించు ఉద్యోగములకు అర్హులు కారు. దానికి ఇంటర్మీడియెట్ తరువాత చదువు డి.ఎల్.ఎడ్. వేరుగా కలదు. ఏ తరగతులకు బోధించగోరుదురో ముందుగా తేల్చుకొని దరఖాస్తు పెట్టుడని మన యౌవనస్థులకు ఈ సందర్భమున మనవి చేయుచున్నాము. తెలియక రెండేండ్లు పోగొట్టుకొన్నవారు మన సంఘములలో ఉన్నారు.

ఇన్ని తలుపులెందుకు? అని విసుగుకొనువారు కలరు. ఆలోచించినయెడల అందులో ఒక న్యాయము కలదు. ఆరేండ్ల పిల్లవాడు తన గురువును పరీక్షింపలేడు. వైద్యుడు మంచివాడు కాదని తోచిన రోగి వేరొక వైద్యునియొద్దకు పోవును. ఊరి బడిలోని పిల్లవాడు ఎక్కడికి పోవును? గనుక వానికి బదులుగా పెద్దలు పరీక్షించి, ఈ మనిషిని నమ్మవచ్చునని సంతకము పెట్టుచున్నారు. లైసెన్సు అనగా నోరులేని బిడ్డకు సమాజము ఇచ్చిన మాట. దరఖాస్తులోని ప్రతి పత్రమును ఆ మాటలో ఒక భాగమే. మార్కుల జాబితా ఒక సాక్ష్యము, నడవడి పత్రమొక సాక్ష్యము, బాప్తిస్మపు పత్రమును ఒక సాక్ష్యమే. ప్రభువు కొండమీద బోధించినప్పుడు, ఒట్టు పెట్టుకొను అవసరమే లేనంత సూటిగా మాటలాడుడని నేర్పెను. సంఘ కాపరి సంతకమునకు ఒట్టు అక్కరలేదని లోకము నమ్ముచున్నది గనుకనే కళాశాలవారు దానిని అడుగుచున్నారు.

మరియొక సంగతి. ఉపాధ్యాయుని దినచర్యను గమనించుడి. ఉదయము హాజరు పట్టీలో సంతకము. మధ్యాహ్నము ఎందరు పిల్లలు భోజనము చేసిరో లెక్క వ్రాసి సంతకము. పరీక్షలైన పిమ్మట మార్కులు వేసి సంతకము. బడి విడిచిన పిల్లవానికి పుట్టిన తేది, నడవడి వ్రాసి సంతకము. పాఠము చెప్పుట ఎంతో, ఉన్నది ఉన్నట్లు వ్రాయుటయు అంతే ఆ వృత్తిలో భాగము. అందువలన దరఖాస్తులోని అసత్యము గుమ్మము బయట విడిచిపోవు చెప్పువంటిది కాదు. అది లోపలికి వచ్చును. బోధకులకు కలుగు తీర్పు మరింత కఠినమని యాకోబు హెచ్చరించినది సంఘములో బోధించువారినిగూర్చియే కావచ్చును. అయినను నల్లబల్ల యెదుట నిలుచువారికిని అది తగిలియే తీరును.

ఇది మేము పుస్తకములనుండి నేర్చుకొన్నది కాదు. సిగ్గుతో చెప్పుకొనవలసిన సంగతి యొకటి మా జీవితములోనే యున్నది.

పండ్రెండేండ్ల క్రిందట, మేము పరిచర్యలో కొత్తవారముగా ఉన్నప్పుడు, ఒక యౌవనస్థుడు ఇట్టి పనిమీదనే వచ్చెను. మేము జాలిపడితిమి. నిజము చెప్పవలెనంటే జాలి సగము, మంచివాడనిపించుకొను కోరిక సగము. సంఘ పుస్తకములో వెనుకటి పుటలోనున్న ఖాళీ వరుసలో అతని పేరు వ్రాసి పత్రమిచ్చితిమి. నాలుగు నెలల తరువాత అతనికి నిజముగానే బాప్తిస్మమిచ్చితిమి గనుక మా మనస్సును ఊరడించుకొంటిమి. అతడు బి.ఎడ్. చదివి ఉపాధ్యాయుడాయెను. మంచి ఉపాధ్యాయుడని పేరు తెచ్చుకొన్నాడు. మొన్నటి క్రిస్మసునకు వచ్చి మా అరుగుమీద కూర్చుండి ఈలాగు చెప్పెను:

“ఏడో తరగతి పిల్లాడొకడు ప్రోగ్రెస్ కార్డు మీద వాళ్ల నాన్న సంతకం వాడే పెట్టుకొచ్చాడండీ. పట్టుకున్నాను. లేపి నిలబెట్టాను. తిడదామని నోరు తెరిచాను. మాట రాలేదు. మీ సంతకం గుర్తొచ్చింది అయ్యగారూ.”

అతడు తన దరఖాస్తు అనలేదు, మా సంతకమనెను. మమ్మును నిందించుటకు కాదు. ఉన్న మాట చెప్పెను. మేము అతనికి సీటు ఇప్పించితిమని పండ్రెండేండ్లు అనుకొంటిమి. ఆ పిల్లవాని యెదుట అతని నోటిలోనుండవలసిన మాటను మేమే తీసికొంటిమని ఆ దినమున తెలిసికొంటిమి.

చదువరులలో కొందరు ఇట్లందురు: “అది మనస్సాక్షి సంగతి. ఇతరులకు నష్టమేమి?” ఆ తండ్రి అడిగినదియు అదే. దీనికి సమాధానము మాకు మా సంఘ పుస్తకములోనే దొరికినది. ఆ పుటలు త్రిప్పుచుండగా వేరొక ఊరి పిల్ల పేరు కనబడినది. పదునారవ యేట బాప్తిస్మము పొందినది. ఆ తరువాత తన కులపు పత్రమును మార్పించుకొని, మతము మారిన షెడ్యూల్డు కులములవారికి మన రాష్ట్రములలో ఇచ్చు బి.సి.–సి పత్రము తీసికొన్నది. ఆ వర్గమునకు ఉన్నది ఒక్క శాతము రిజర్వేషను. ఆ పిల్లయు ఈ సంవత్సరమే ప్రవేశ పరీక్ష వ్రాసినది. ఆమె ర్యాంకు మా యెదుట కూర్చున్న అమ్మాయి ర్యాంకునకు కొంచెము దిగువ. ఆ క్రైస్తవ కళాశాల సీటు కొరకే ఆమెయు కాచుకొని యున్నది.

అబద్ధ సాక్ష్యమును నిషేధించు ఆజ్ఞ పొరుగువాని పేరెత్తి చెప్పబడినది గదా. పొరుగువాడు కనబడనప్పుడు అసత్యమునకు బరువు లేనట్లు తోచును. ఆ ఖాళీ వరుసలో ఒక పేరు వ్రాసినయెడల వేరొక ఊరిలోని ఒక పేరు కొట్టివేయబడును. ఇదే మాట ఆ తండ్రితో చెప్పితిమి. ఆయన చాలసేపు నేల చూచి, “ఆ పిల్లకి ఇంకో దారి దొరుకుద్దిలెండి, నా పిల్లకి దొరకదు” అనెను. ఆయనను మేము నిందింపము. తన బిడ్డను తప్ప వేరొకరి బిడ్డను తండ్రి మనస్సు ఆ గడియలో చూడజాలదు. చూడవలసినవాడు కాపరి. ఇద్దరు పిల్లలును అతని మందలోనివారే.

ఇంతకంటె చిక్కైన ప్రశ్న ఇంకొకటి మిగిలియున్నది. దానిని తప్పించుకొని పోవుట న్యాయము కాదు. కులపు గడిలో ఏమి వ్రాయవలెను?

చట్టము సంగతి తిన్నగా చెప్పెదము. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు ఇచ్చినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించిరి. క్రైస్తవులకు విస్తరింపలేదు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకును ఆ హోదా ఇయ్యవలెనని తీర్మానించి కేంద్రమునకు పంపినది. 2024 నవంబరు 26న సుప్రీం కోర్టు, బాప్తిస్మము పొంది క్రైస్తవ విశ్వాసములో నడచుచున్న ఒక స్త్రీ ఉద్యోగము కొరకు హిందూ షెడ్యూల్డు కులపు పత్రము కోరగా నిరాకరించి, విశ్వాసము లేక కేవలము రిజర్వేషను కొరకు ఒక మతమును చెప్పుకొనుట రాజ్యాంగమునే మోసగించుట యని పలికినది.

మనవారు అడుగుదురు: “బాప్తిస్మము పొందినంత మాత్రమున ఊరి బావియొద్ద మా కులము పోయినదా? కూలి పెరిగినదా? చట్టమే మాయెడల అన్యాయము చేయుచుండగా ఆ చట్టముతో సత్యము చెప్పవలసిన ఋణము మాకెక్కడిది?” ఈ మాటలో బాధ కలదు, బలమును కలదు. నీటిలో మునిగి లేచినవాని ఒంటినుండి కులపు ముద్రను ఊరు తుడిచివేయదని మేము కన్నులార చూచుచున్నాము. చట్టము మారవలెనని కోరుట తప్పు కాదు. అర్జీ పెట్టుట, కోర్టుకు పోవుట, శాసనసభ్యుని అడుగుట, ఇవన్నియు వెలుగులో చేయు పనులు. అన్యాయమని తోచిన దానిని అన్యాయమని బిగ్గరగా చెప్పువాడు సత్యము పలుకుచున్నాడు. ఆదివారమున ఒక మాట, సోమవారమున కార్యాలయమందు వేరొక మాట చెప్పువాడో, ఆ అన్యాయమును తన మట్టుకు దాటిపోవుచున్నాడు, దానిని మార్చుటలేదు. అందరును చాటుగా దాటిపోవుచున్నంత కాలము, దారి మూసియున్నదని చెప్పుటకు సాక్షులే ఉండరు. పైగా ఆ సీటు కొరకు వేరొక పాలెములో వేరొక కూలివాని కుమార్తె కాచుకొని యుండును. ఆమె మన గుడికి రాదు గనుక ఆమె మన పొరుగుది కాకపోదు.

ఆ పత్రము దొంగదని ఎప్పుడో విచారణ జరిగి ఉద్యోగము పోవునను భయమును కొందరు చూపుదురు. ఆ భయము నిజమే. అయితే మేము దానిమీద ఆధారపడము. పట్టుబడనంత కాలము మంచిదే యను అర్థము ఆ మాటలో దాగియున్నది.

ఇప్పుడు సంఘమునకు చెప్పవలసిన మాట. సత్యము వ్రాయుమని బీదవానికి బోధించి, దాని వెలను అతడొక్కడే చెల్లించుకొనవలెనని విడిచిపెట్టుట కాపరితనము కాదు. ఆ అమ్మాయికి దూరపు కళాశాలలో సీటు వచ్చినయెడల హాస్టలు ఖర్చు ఎవరిది? బస్సు చార్జీ ఎవరిది? టెట్‌కు చదువుటకు పుస్తకములెవరు కొనిపెట్టుదురు? కోతకాలపు పండుగలో మనము అర్పించు ధాన్యములో ఒక బస్తా ఇట్టి పిల్లల పేర ఉంచలేమా? మన సంఘములలో విశ్రాంత ఉపాధ్యాయులు ఎందరో కలరు. వేసవిలో రెండు నెలలు, సాయంకాలము గుడి వరండాలో ఈ పిల్లలకు లెక్కలు, పెడగాజీ చెప్పలేరా? పాలెములో పెంకుటిల్లైనను లేని కాలమున, తాటాకు పాకలో, పగలు బడి నడిపి రాత్రి ప్రార్థన నడిపిన ఉపదేశుల సంతతి మనము. వారికి పెద్ద పట్టాలు లేవు. వారి మాట నమ్మదగినదని ఊరంతయు ఎరుగును. ఆ ఆస్తిని ఖర్చుపెట్టుకొనుచు సీట్లు కొనుట మనకు తగునా?

బాప్తిస్మమును లాభముతో ముడిపెట్టుటనుగూర్చి మన ప్రాంతపు చరిత్రయే ఒక పాఠము చెప్పుచున్నది. 1876–78 నాటి గొప్ప కరవులో ఒంగోలునందున్న జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగమును కంట్రాక్టు తీసికొని వేలమందికి పని చూపెను. ఆ కాలమున బాప్తిస్మము కోరి ఎందరో వచ్చిరి. ఆయన ఇయ్యలేదు. అన్నము కొరకు వచ్చితిమని రేపు ఎవరును వారిని అనకూడదు, వారును తమ్మును తాము అట్లు అనుమానించుకొనకూడదు. కూలిపనియు సహాయమును ముగిసిన తరువాత, ఇక ఇచ్చునదేమియు లేదని తెలిసికూడ వారు మరల వచ్చిరి. 1878 జులై 3న గుండ్లకమ్మ నీళ్లలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కాచుకొని యుండుట వారి విశ్వాసమును తగ్గించలేదు. అది ఎవరిదో, ఎందుకో తేటపరచినది.

శిక్షణ కళాశాలలో చేరిన మన పిల్లలకును ఒక మాట. దరఖాస్తు అంగీకరింపబడినంతనే పరీక్ష ముగియదు. రాకపోయినను హాజరు వేయుదుము, ఇంత డబ్బు కట్టుమని చెప్పు చోట్లు కలవు. ఇంటియొద్దనుండి వేరొక పని చేసికొనుచు రెండేండ్ల తరువాత పట్టా తెచ్చుకొనుట తెలివియని కొందరు చెప్పుదురు. ఆ ఇరువది వారములు బడిలో నిలువనివాడు, మొదటిసారి నలువదిమంది పిల్లల యెదుట నిలుచు దినమున తన తడబాటును ఎవరిమీద నేర్చుకొనును? ఆ పిల్లలమీదనే. కొంచెములో నమ్మకముగా ఉండుటనుగూర్చి ప్రభువు చెప్పిన మాట హాజరు పట్టీకిని చెల్లును.

ఆ సాయంకాలము ఏమి జరిగినదో చెప్పి ముగించెదము.

మేము పుస్తకము మూసితిమి. తెల్ల కాగితము తీసికొని మేమెరిగినది వ్రాసితిమి: ఆమె ప్రతిష్ఠ జరిగిన తేది, ఆదివారపు బడిలో నాలుగేండ్ల సేవ, ఆమె శ్రద్ధ, ఆమె నడవడి. బాప్తిస్మము ఇంకను కాలేదనియు వ్రాసితిమి. తండ్రి ఆ కాగితము తీసికొనలేదు. మా ఇంటివారు ఇచ్చిన మజ్జిగ గ్లాసు అట్లే ఉంచి లేచిపోయెను. కాగితమును అమ్మాయి తీసికొన్నది.

మరునాడు ఆమె ఒంటరిగా వచ్చి రెండు ప్రశ్నలు అడిగినది. కులపు గడిలో ఏమి వ్రాయవలెనని మొదటిది. చట్టమేమి చెప్పుచున్నదో, నష్టమెంతో, ఏ కార్యాలయములో ఏ పత్రము దొరకునో అంతయు దాచక చెప్పితిమి. “అమ్మా, నీ చేయి పట్టుకొని మేము వ్రాయింపము. నీవు దేనిని నమ్ముచున్నావో అదే వ్రాయుము” అంటిమి. ఆమె ఏమి వ్రాయునో మాకింకను తెలియదు.

రెండవది, “నాకు బాప్తిస్మం ఎప్పుడిస్తారు అయ్యగారూ?” అని. ప్రవేశములన్నియు ముగిసిన తరువాత ఇత్తుమంటిమి. ఎందుకని ఆమె అడుగలేదు. అర్థమైనదని ముఖము చూచి తెలిసికొంటిమి.

ఇది వ్రాయుచున్న దినమునకు రెండవ విడత సీట్లు ఇంకను ప్రకటింపబడలేదు. ఆమె సాయంకాలములయందు గుడి వరండాలో పాలెపు పిల్లలకు ఎక్కములు చెప్పుచున్నది. తండ్రి ఆరాధనకు వచ్చుచున్నాడు గాని తలుపు ప్రక్కను కూర్చుండి ఆశీర్వాదమునకు ముందే వెళ్లిపోవుచున్నాడు. మేము ఆయన ఇంటికి రెండుమార్లు పోయితిమి. మూడవమారును పోయెదము.

పండ్రెండేండ్ల నాటి ఆ వరుస సంగతి కూడ ముగింపవలసి యున్నది. ముందుగా ఆ ఉపాధ్యాయునికి తెలియజేసితిమి. దానివలన అతనికి చిక్కు కలుగునేమోయని మాకు భయము లేకపోలేదు. “వ్రాయండి అయ్యగారూ” అని అతడు బదులిచ్చెను. సంఘ పెద్దల యెదుట మా తప్పు ఒప్పుకొని, ఆ వరుస ప్రక్కను నిజమైన తారీఖు వ్రాసి, నేటి తేదితో సంతకము చేసితిమి. ఆ పుటలో మా పాత సంతకమును క్రొత్త సంతకమును ప్రక్కప్రక్కనే ఉన్నవి. తరువాత వచ్చు కాపరి రెంటిని చూచును.

మనము ప్రార్థింతము: ప్రభువా, మా బిడ్డలు గురువులు కావలెనని ఆశించుచున్నాము. వారి చేతికి సుద్దముక్క ఇచ్చుటకు ముందు మా చేతిలోని కలమును శుద్ధిచేయుము. సత్యమువలన నష్టపోవువారి భారమును కలిసి మోయుటకు మా సంఘములకు మనస్సునిమ్ము. మాకు కనబడని పొరుగువానిని మాకు చూపుము. ఆమేన్.